తెల్ల పొగ, తగ్గిపోయే కూలెంట్: హెడ్ విప్పే ముందు ఏమేం చూసుకోవాలి?

#1 గోస్తనీ_తీరం

అందరికీ నమస్కారం. కారు నాన్నగారిది. 1.2 లీటర్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, అల్యూమినియం హెడ్ (సిలిండర్లను పైన మూసే భాగం), టైమింగ్ చైన్. లక్ష కిలోమీటర్లు దాటింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఈ చర్చ ఏ బండివాళ్లకైనా పనికిరావాలి.

శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే, ఏసీ వేసి ఉండగా, ఎర్ర టెంపరేచర్ లైటు వెలిగింది. నాన్నగారు వెంటనే పక్కకు తీసి ఇంజిన్ కట్టేశారు. బాగా చల్లారాక నీళ్లు పోసి నెమ్మదిగా దిగి వచ్చారు. అప్పటి నుంచి ఓవర్‌ఫ్లో బాటిల్‌లో కూలెంట్ తగ్గుతూనే ఉంది. కింద చుక్క పడదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు మిస్సింగ్ కొట్టి, తెల్ల పొగ వదిలి, తర్వాత మామూలుగా నడుస్తుంది. ఆయిల్ మూత లోపల కొంచెం తెల్లటి జిగురు కనిపించింది.

ఒక షెడ్డులో "హెడ్ గ్యాస్‌కెట్ పోయింది, హెడ్ దింపాలి, 18 వేలు అవుతుంది" అన్నారు (హెడ్ గ్యాస్‌కెట్ అంటే హెడ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే పలుచని పొర). ఇంకో చోట "రేడియేటర్ క్యాప్ మారిస్తే సరిపోతుంది" అన్నారు. ఎవరి మాట నమ్మాలో తేలడం లేదు. హెడ్ విప్పించేముందు మనం స్వయంగా ఎలా నిర్ధారించుకోవచ్చు?

#2 ఘాట్‌రోడ్_డ్రైవర్

ముందు ఒక్కటి చెప్పండి. రాత్రంతా బండి ఆగి ఉన్నాక, పొద్దున్న స్టార్ట్ చేయకుండా పై హోస్ పైపు నొక్కి చూశారా? మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?

చల్లారిన కూలెంట్ కుంచించుకుపోతుంది. అప్పుడు క్యాప్‌లోని చిన్న వాల్వు తెరుచుకుని బాటిల్‌లోంచి నీళ్లు వెనక్కి లాక్కోవాలి. ఆరోగ్యంగా ఉన్న బండిలో పొద్దున్న హోస్ మెత్తగా ఉంటుంది. తెల్లారేసరికి కూడా గట్టిగా ఉందంటే లోపలికి గ్యాస్ చేరినట్టు.

వేడి మీద మాత్రం క్యాప్ ముట్టుకోకండి. 0.9 బార్ క్యాప్ ఉన్న బండిలో నీళ్లు దాదాపు 119 డిగ్రీల వరకు మరగకుండా ఉంటాయి. క్యాప్ తిప్పగానే ఒత్తిడి పోయి ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకి వస్తాయి. అలా కాలినవాళ్లను ఘాట్ల మీద చాలామందినే చూశాను.

#3 నెల్లూరు_800

బ్రదర్, మా ఊళ్లో అయితే ముందు రేడియేటర్‌లో పసుపు వేస్తారు. లేదా గ్యాస్‌కెట్ సీలర్ అని సీసా దొరుకుతుంది, ఒకసారి పోసి చూడండి. హెడ్ విప్పితే ఆ ఇంజిన్ మళ్లీ పాత ఇంజిన్ అవ్వదు.

#4 లేత్_బాబాయ్_బెజవాడ

నెల్లూరు తమ్ముడూ, పసుపు గురించి చెప్తాను. రేడియేటర్ ట్యూబులో సూదిమొన అంత బెజ్జం ఉంటే పసుపు పొడి అక్కడ ఇరుక్కుని ఇంటికి చేరుస్తుంది. అది నిజమే. హెడ్ గ్యాస్‌కెట్ దగ్గర ఉండేది వేరే లెక్క. పెట్రోల్ మండినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి యాభై బార్ దాటుతుంది. ఆ ఒత్తిడిని పసుపు ఆపలేదు.

సీలర్ సీసాల్లో చాలావాటిలో ఉండేది సోడియం సిలికేట్. వేడి తగిలిన చోట గాజులా గట్టిపడుతుంది. అమ్మేయబోయే బండికో, ఇంజిన్ విలువ కంటే రిపేరు ఖర్చు ఎక్కువైన బండికో పోస్తే అర్థం ఉంది. కానీ అది చిల్లు ఎక్కడుందో వెతుక్కుని వెళ్లదు. హీటర్ కోర్ (బండి లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) సన్న గొట్టాల్లో, రేడియేటర్‌లో, హెడ్‌లోని నీటి దారుల్లో కూడా పేరుకుంటుంది. ఆటోనగర్‌లో మా దగ్గరికి అలాంటి హెడ్లు వస్తుంటాయి. ఫేసింగ్ (హెడ్ కింది ముఖాన్ని మిషన్ మీద చదును చేయడం) అరగంటలో అయిపోతుంది, ఆ దారులు శుభ్రం చేయడానికి సగం రోజు పడుతుంది.

హెడ్ విప్పితే ఇంజిన్ పాడవుతుందన్న భయం కూడా తీసేయండి. సరిగ్గా విప్పి సరిగ్గా కట్టిన ఇంజిన్ మరో లక్ష నడుస్తుంది. ఆదరాబాదరాగా కట్టిందే మళ్లీ తిరిగి వస్తుంది.

#5 పాలిటెక్నిక్_మేడం

నేను ఆటోమొబైల్ విభాగంలో పాఠం చెప్తాను. మొదటి పోస్టులోని లక్షణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం, ఎందుకంటే వాటిలో కొన్ని గట్టి సాక్ష్యాలు, కొన్ని కావు.

హెడ్ గ్యాస్‌కెట్ ఒక్క పొరతోనే మూడింటిని వేరుచేసి ఉంచుతుంది: మండే గ్యాస్, కూలెంట్, ఆయిల్. అది ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి జబ్బు మారుతుంది. సిలిండర్‌కీ కూలెంట్ దారికీ మధ్య తెగితే బండి నడుస్తున్నప్పుడు గ్యాస్ కూలెంట్‌లోకి వెళ్తుంది. కట్టేశాక మిగిలిన ఒత్తిడితో కూలెంట్ సిలిండర్‌లోకి కారుతుంది. పొద్దున్న మిస్సింగ్, తెల్ల పొగ, కింద చుక్క లేకుండా తగ్గే కూలెంట్, ఈ మూడూ కలిసి వస్తే అనుమానం అటే పోతుంది. రెండు పక్కపక్క సిలిండర్ల మధ్య తెగితే కూలెంట్ తగ్గదు, రెండింటిలోనూ కంప్రెషన్ పడిపోయి ఇంజిన్ వణుకుతుంది. కూలెంట్, ఆయిల్ దారుల మధ్య తెగితే డిప్‌స్టిక్ మీద ఆయిల్ మజ్జిగ రంగులోకి మారుతుంది.

ఆయిల్ మూత కింద తెల్లటి జిగురు ఒక్కటే చూసి భయపడొద్దు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ ఆవిరై పోక మూత దగ్గర పేరుకుంటుంది. డిప్‌స్టిక్ చూడండి. అక్కడ ఆయిల్ మామూలు రంగులో ఉంటే ఆయిల్‌లో కూలెంట్ కలిసిందని చెప్పలేం.

పొగ కూడా అంతే. అరకు చలిలో పొద్దున్నే ప్రతి బండీ ఆవిరి వదులుతుంది. అది రెండు నిమిషాల్లో మాయమవుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, తియ్యటి వాసన ఉంటే అది కూలెంట్.

ఇంకో విషయం. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇనుప బ్లాకు మీద 400 మి.మీ. పొడవున్న అల్యూమినియం హెడ్‌ని ఊహించుకోండి. 80 డిగ్రీలు వేడెక్కితే హెడ్ ముప్పావు మి.మీ. దాకా సాగుతుంది, బ్లాకు అందులో సగమే. స్టార్ట్ చేసిన ప్రతిసారీ గ్యాస్‌కెట్ ఈ రెండింటి మధ్య రుద్దుకుంటుంది. మామూలు వేడికి దాన్ని తట్టుకునేలానే తయారు చేస్తారు. బండి ఓవర్ హీట్ అయినప్పుడు హెడ్ మరీ సాగబోతుంది, బోల్టులు సాగనివ్వవు, అక్కడ హెడ్ వంగుతుంది.

#6 గోస్తనీ_తీరం

మేడం, ఘాట్‌రోడ్ గారూ, ధన్యవాదాలు. చూశాను. పొద్దున్న హోస్ గట్టిగానే ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది. క్యాప్ కొత్తది వేశాను, తేడా లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే హోస్ బిగుసుకుపోతోంది. అప్పటికి నీళ్లు ఇంకా గోరువెచ్చగా కూడా అవ్వలేదు.

#7 ఓరుగల్లు_డీజిల్

నిమిషంల బిగుసుకున్నదంటే అది వేడి వల్ల వచ్చిన ప్రెషర్ కాదన్నా, గ్యాసే. అయినా ఒక ముచ్చట చెప్త, తొందరపడకు.

నీ బండికి ఎల్పీజీ కిట్టు ఉందా? ఉంటే ముందు అది చూడాలె. ద్రవంగ ఉన్న ఎల్పీజీని గ్యాస్ చేసే వేపరైజర్‌ని కూలెంట్ హోసులతోనే వేడి చేస్తరు. అండ్ల డయాఫ్రం చిరిగితే ఎల్పీజీ సీదా కూలెంట్‌లకు పోతది. రేడియేటర్ల బుడగలు వస్తయి, హోస్ గట్టిపడ్తది, అందరు హెడ్ గ్యాస్‌కెట్ అంటరు. హెడ్ విప్పి చూస్తే గ్యాస్‌కెట్ మంచిగుంటది. మా దోస్తు ఆటోకు గట్లనే అయింది. వేపరైజర్ హోసులు రెండూ తీసి ఒకదానికొకటి కలిపి, పెట్రోల్ మీద నడిపి చూడు. బుడగలు ఆగితే దోషం వేపరైజర్‌ది.

డీజిల్ బండ్లల్ల ఇంకో దొంగ ఉంటడు, ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లకు తిరిగి పంపే సైలెన్సర్ పొగను కూలెంట్‌తోని చల్లబరిచేది). అది లోపల పగిలితే కూలెంట్ ఇంటేక్‌లకు పోయి తెల్ల పొగ వస్తది, కింద చుక్క పడది. అచ్చం గ్యాస్‌కెట్ లెక్కనే. ఆయిల్ కూలర్ పోతే ఆయిలూ నీళ్లూ కలుస్తయి, కని కంప్రెషన్ మాత్రం బాగనే ఉంటది.

#8 గోస్తనీ_తీరం

ఎల్పీజీ లేదండి, పెట్రోల్ ఒక్కటే. లోపల కాళ్ల దగ్గర మ్యాట్ కూడా పొడిగానే ఉంది, కాబట్టి హీటర్ కోర్ కారడం లేదనుకుంటున్నాను.

#9 డల్లాస్_గ్యారేజీ

ఇక్కడ మేము అందరం ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది, బ్లాక్ టెస్ట్ అంటారు. గాజు గొట్టంలో నీలం రంగు ద్రవం పోసి రేడియేటర్ మూతి మీద పెట్టి, పైన రబ్బరు బల్బు నొక్కుతూ లోపలి గాలిని ఆ ద్రవంలోంచి లాగాలి. కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం ఆకుపచ్చై, పసుపు పచ్చగా మారుతుంది. కూలెంట్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉండాల్సిన పని లేదు, అది సిలిండర్‌లోంచే రావాలి. ఓరుగల్లు అన్న చెప్పిన ఎల్పీజీ లీకైనా ఇది రంగు మారదు, ఎందుకంటే అది మండని గ్యాస్. రెండింటినీ విడదీయడానికి ఇది మంచి దారి.

చేసేటప్పుడు జాగ్రత్తలు చెప్తాను. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే క్యాప్ తీసి, రేడియేటర్‌లో రెండు మూడు అంగుళాలు కూలెంట్ తగ్గించండి, లేకపోతే కూలెంట్ గొట్టంలోకి ఎక్కి ద్రవం పాడవుతుంది. తర్వాత స్టార్ట్ చేసి థర్మోస్టాట్ (వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకునేదాకా ఆగి పరీక్షించండి. సైలెన్సర్ పొగ గొట్టంలోకి పోకుండా గాలి ఆడే చోట నిలపండి. రంగు మారితే ఖాయం. మారకపోతే "గ్యాస్‌కెట్ బాగుంది" అని మాత్రం అనుకోవద్దు. కొన్ని లీకులు ఘాట్ ఎక్కేటంత లోడు పడితేనే తెరుచుకుంటాయి. డీజిల్‌లో ఐడ్లింగ్ మీద కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి ఆకుపచ్చ దగ్గరే ఆగొచ్చు.

అమెరికాలో స్పేర్ పార్ట్స్ దుకాణాలు ఈ పరికరాన్ని డిపాజిట్ కట్టించుకుని వాడుకోవడానికి ఇస్తాయి. మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరుకుతోంది.

#10 పాలిటెక్నిక్_మేడం

దానితో పాటు కంప్రెషన్ టెస్ట్ (ప్రతి సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలవడం), వీలైతే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి పంపి ఎక్కడ కారుతోందో చూడడం) చేయించండి. కంప్రెషన్ టెస్ట్‌కి ఇలా చేయాలి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్, ఇంజెక్టర్ కనెక్షన్లు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. సంఖ్య ఎంతన్నది ఒక ఎత్తు, సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ఇంకో ఎత్తు.

పొద్దున్న ఎప్పుడైనా సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ ఠక్కున ఆగిపోతే మళ్లీ కొట్టొద్దు. సిలిండర్ నిండా నీళ్లు చేరి ఉండొచ్చు. నీళ్లు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసి, చేత్తో క్రాంక్ తిప్పి నీళ్లు బయటికి పంపాలి.

#11 గోస్తనీ_తీరం

గాజువాక ఆటోనగర్‌లో పరికరాలున్న ఒక మెకానిక్ దొరికారు. ఓపికగా నా ముందే అన్నీ చేశారు.

బ్లాక్ టెస్ట్: రెండు నిమిషాల్లోపే పసుపు పచ్చ.
కంప్రెషన్: ఒకటి 178, రెండు 175, మూడు 122, నాలుగు 176 పీఎస్ఐ.
మూడో సిలిండర్ ప్లగ్ మిగతావాటి కంటే తెల్లగా, కడిగినట్టు ఉంది. ఫోనుకి తగిలించే చిన్న కెమెరాతో చూస్తే మూడో పిస్టన్ తల మీద ఒక పక్క మసి లేదు, మెరుస్తోంది. అదే సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పంపితే రేడియేటర్‌లో బుడగలు తేలాయి.

ఇక అనుమానం లేదు కదా? హెడ్ దింపమని చెప్పేయనా?

#12 లేత్_బాబాయ్_బెజవాడ

గ్యాస్ కూలెంట్‌లోకి పోతోందనడంలో అనుమానం లేదు తమ్ముడూ, చాలావరకు గ్యాస్‌కెట్టే. హెడ్ పగిలినా ఇవే గుర్తులు వస్తాయి, అది దింపాకే తెలుస్తుంది. కానీ ఇప్పుడే దింపమనకు. నేను ఇక్కడ అందరికంటే గట్టిగా చెప్పేది ఇదొక్కటే: గ్యాస్‌కెట్ తనంతట తాను పోయిన బండి నాకు అరుదుగా కనిపిస్తుంది. ముందు బండి హీటెక్కింది, తర్వాత గ్యాస్‌కెట్ పోయింది. ఎందుకు హీటెక్కిందో తేల్చకుండా గ్యాస్‌కెట్ మారిస్తే, అదే ఘాట్ మీద కొత్త గ్యాస్‌కెట్ కూడా పోతుంది. అప్పుడు హెడ్ రెండోసారి ఫేసింగ్‌కి వస్తుంది, మూడోసారికి దానిలో తీయడానికి లోహం మిగలదు.

ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతోంది? ఏసీ వేయకుండా కూడా తిరుగుతోందా? థర్మోస్టాట్ ఉందా? వాటర్ పంపు రెక్కలు బాగున్నాయా? కింది హోస్ రేస్ చేసినప్పుడు లోపలికి నొక్కుకుపోతోందా? రేడియేటర్‌లో ఇన్నాళ్లూ ఏ నీళ్లు పోశారు?

#13 గోస్తనీ_తీరం

బాబాయ్ గారూ, మీరు అడగబట్టి బయటపడింది. థర్మోస్టాట్ గూడు విప్పితే లోపల ఖాళీ! ఇంతకుముందు ఏదో షెడ్డులో తీసేశారు, నాన్నగారికి చెప్పలేదు. ఫ్యాన్ సరిగ్గానే తిరుగుతోంది. రేడియేటర్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే కుడి వైపు మధ్యలో పెద్ద భాగం చల్లగా ఉంది, చుట్టూ వేడి. అంటే అక్కడి గొట్టాలు పూడిపోయాయి. నాన్నగారిని అడిగితే సర్వీసులో ఎప్పుడూ బోరు నీళ్లే పోసేవారన్నారు. కింది ట్యాంకులోంచి తెల్లటి పెచ్చులు రాలాయి.

#14 షెడ్డు_మేస్త్రీ

థర్మోస్టాట్ తీసేయడం తప్పేమీ కాదండి. మన ఎండలకి అది అక్కర్లేదు. చలి దేశాల కోసం పెట్టింది. తీసేస్తే నీళ్లు ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి, బండి చల్లగా ఉంటుంది. ముప్పై ఏళ్లుగా తీసేస్తున్నాం, ఎవరి బండీ ఆగలేదు.

#15 పాలిటెక్నిక్_మేడం

మేస్త్రీ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్నాను. పాత ఇంజిన్లలో మీరన్నట్టు నడిచిపోయేది. ఇప్పటి ఇంజిన్లలో రెండు నష్టాలున్నాయి.

మొదటిది, ఇంజిన్ తన వేడికి చేరదు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పంపుతుంది. ఆయిల్‌లో తేమ, పెట్రోల్ మిగిలిపోతాయి. మైలేజీ పడిపోతుంది.

రెండోది ఈ చర్చకు ముఖ్యం. చాలా థర్మోస్టాట్లకు వెనకవైపు ఇంకో చిన్న పళ్లెం ఉంటుంది. వేడెక్కినప్పుడు ముందుభాగం రేడియేటర్ దారి తెరుస్తుంది, వెనక పళ్లెం బైపాస్ దారి మూస్తుంది. మొత్తం తీసేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండా నేరుగా ఇంజిన్‌లోకి తిరిగి వెళ్తుంది. ఊళ్లో చల్లగానే అనిపిస్తుంది. ఘాట్ మీద పూర్తి లోడు పడ్డప్పుడు అదే బండి హీటెక్కుతుంది. దానికి తోడు ఇక్కడ రేడియేటర్ కూడా పూడిపోయింది.

#16 షెడ్డు_మేస్త్రీ

బైపాస్ పళ్లెం సంగతి మీరు చెప్పాక పాత పీసు ఒకటి తీసి చూశాను మేడం. నిజమే, వెనక స్ప్రింగు పళ్లెం ఉంది. ఇకనుంచి తీసేయమని అడిగినవాళ్లకి కొత్తది వేసి ఇస్తాను.

#17 లేత్_బాబాయ్_బెజవాడ

కారణం దొరికింది కాబట్టి ఇక హెడ్ సంగతి. తమ్ముడూ, ఇది నీ మెకానిక్‌కి చూపించు. ఆయనకి తెలిసినవే ఉంటాయి, అయినా దగ్గరుండి చూసుకో.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే హెడ్ బోల్టులు ముట్టుకోవాలి. వేడి మీద విప్పితే తిన్నగా ఉన్న హెడ్ కూడా వంగొచ్చు. బోల్టులు రెండు చివర్ల నుంచి మధ్యకు, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఒకేసారి ఒక బోల్టు మొత్తం తీసేయకూడదు. చైన్ తీసేముందు టైమింగ్ గుర్తులు ఫోటో తీసుకోండి.

హెడ్ పైకి లేవకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించొద్దు. అల్యూమినియం మీద పడ్డ ఒక్క గీత చాలు, కొత్త గ్యాస్‌కెట్ అక్కడే కారుతుంది. ఇంటేక్ మానిఫోల్డ్ చెవులు పట్టుకుని ఊపితే లేస్తుంది.

దింపాక ముందు పాత గ్యాస్‌కెట్‌ని చదవండి. మూడో సిలిండర్ చుట్టూ ఉన్న ఉక్కు రింగు ఎక్కడ నల్లబడిందో, ఎక్కడ కాలిందో చూస్తే దోషం ఎక్కడుందో ఫేసింగ్ షాపు వాడికి చూపించొచ్చు. పారేయకండి, హెడ్‌తో పాటు పంపండి.

హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఉక్కు పట్టీ) పెట్టి పొడవుగా, అడ్డంగా, రెండు మూలల నుంచి మూలలకి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూడాలి. చాలా కంపెనీల హద్దు 0.05 మి.మీ. మీ ఇంజిన్‌ది మాన్యువల్‌లో చూడండి. బ్లాకు పైభాగం కూడా అలాగే కొలవాలి. హెడ్ ఫేసింగ్ చేసి బ్లాకు చూడకుండా కట్టేస్తే సగం పనే అయినట్టు.

ఫేసింగ్ కంటే ముందు ప్రెషర్ టెస్ట్. నీటి దారులన్నీ ప్లేట్లతో మూసి, గాలి పట్టి, వేడి నీళ్లలో ముంచితే పగులు ఉన్నచోట బుడగలొస్తాయి. రెండు వాల్వు సీట్ల మధ్య సన్నటి వంతెనలాంటి చోటే ఎక్కువగా పగులుతుంది. పగిలిన హెడ్‌కి ఫేసింగ్ డబ్బు దండగ.

ఒకవేళ హెడ్ వంగి ఉంటే, క్యాంషాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) గూళ్లు కూడా వంగి ఉండొచ్చు. కింద నున్నగా కోసేస్తే కింది భాగం తిన్నగా అవుతుంది, అప్పుడు పైన క్యాం బిగుసుకుపోతుంది. క్యాంషాఫ్ట్ పెట్టి, క్యాపులు బిగించి చేత్తో తిప్పి చూడాలి. ఇది చూడని షాపులు చాలా ఉన్నాయి.

#18 కడప_బైక్‌మ్యాన్

పాత గ్యాస్‌కెట్ ముక్కలు అంటుకుపోయి ఉంటాయి కదా. గ్రైండర్‌కి తగిలించే ఎమెరీ బ్రష్ చక్రాలతో ఐదు నిమిషాల్లో మెరిసేలా శుభ్రం చేస్తారు మా దగ్గర. సరేనా?

#19 లేత్_బాబాయ్_బెజవాడ

వద్దు. ఆ చక్రాల్లో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ రాపిడి పొడి. అది ఆయిల్ దారుల్లో పడితే బేరింగుల దాకా పోతుంది. ఇంజిన్ కట్టాక కొద్ది వేల కిలోమీటర్లలో బేరింగ్ శబ్దం మొదలైతే దానికి ఎవరూ ఈ చక్రాన్ని తప్పుపట్టరు. పైగా మెత్తటి అల్యూమినియంలో కంటికి కనిపించని గుంతలు పడతాయి. గ్యాస్‌కెట్ రిమూవర్ ద్రవం రాసి, నానాక, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీయాలి. ఓపిక కావాలి, అంతే.

#20 బర్మింగ్‌హామ్_తెలుగు

బోల్టులు మార్చడం గురించి ఎవరూ రాయలేదు. ఇప్పటి ఇంజిన్లలో చాలావరకు సాగే బోల్టులే. వాటిని ఫలానా టార్క్ (తిప్పే బలం) వరకు బిగించి, అక్కడి నుంచి ఫలానా డిగ్రీలు తిప్పమంటారు. ఆ కోణంలో బోల్టు కావాలనే కొద్దిగా సాగి, పట్టు అన్నిచోట్లా సమానంగా ఉంచుతుంది. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అంత పట్టు ఇవ్వదు. మాన్యువల్ పొడవు కొలిచి వాడొచ్చని చెబితే తప్ప కొత్తవే వేయండి. మొత్తం ఖర్చులో అది చిన్న భాగం.

ఇక్కడ బ్రిటన్‌లో రోవర్ కె సిరీస్ ఇంజిన్ గ్యాస్‌కెట్ల గురించి ప్రతి మెకానిక్‌కీ తెలుసు. తక్కువ కూలెంట్, ఇంజిన్‌లోకి నీళ్లొచ్చే వైపు థర్మోస్టాట్, హెడ్ నుంచి కింది దాకా దూసుకెళ్లే పొడవాటి బోల్టులు, హెడ్ కదలకుండా పట్టే డోవెల్స్ మొదట్లో ప్లాస్టిక్‌వి. తర్వాత ఉక్కు డోవెల్స్, ఉక్కు పొరల గ్యాస్‌కెట్ వచ్చాయి. చిన్న కూలెంట్ లీకును పట్టించుకోకపోతే ఆ ఇంజిన్ అస్సలు క్షమించేది కాదు. బాబాయ్ గారు కారణం వెతకమన్నది అందుకే నాకు బాగా నచ్చింది.

#21 గోస్తనీ_తీరం

హెడ్ దిగింది. పాత గ్యాస్‌కెట్ మీద మూడో సిలిండర్ నుంచి పక్కనున్న నీటి రంధ్రం దాకా నల్లటి గీత స్పష్టంగా ఉంది. ప్రెషర్ టెస్ట్‌లో పగులు లేదు, పెద్ద ఊరట. పొడవునా వంపు 0.11 మి.మీ. ఉంది. బ్లాకు 0.03 లోపే. క్యాంషాఫ్ట్ పెట్టి తిప్పితే సాఫీగా తిరుగుతోంది. మాన్యువల్ అనుమతించిన హద్దులోనే ఫేసింగ్ చేయించాం. వాల్వులు సీట్లకి సరిగ్గా ఆనేలా రుద్ది (లాపింగ్), పోర్టుల్లో పెట్రోల్ పోసి చూశారు, కారలేదు. వాల్వు సీల్స్ కూడా మార్చాం.

కొత్త రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు, పై కింది హోసులు, బోల్టులు తెచ్చాను. గ్యాస్‌కెట్ ఉక్కు పొరలది, ఎంఎల్‌ఎస్ రకం. దీనికి రెండు వైపులా గమ్ పూయాలని ఒకరు, వద్దని ఒకరు అంటున్నారు.

#22 లేత్_బాబాయ్_బెజవాడ

ఎంఎల్‌ఎస్‌కి ఏమీ పూయొద్దు. దాని పూత దాని మీదే ఉంటుంది. టైమింగ్ కవర్, బ్లాకు కలిసే మూలల్లో మాన్యువల్ చెప్పినచోట మాత్రం సిలికాన్ చుక్క. హెడ్, బ్లాకు రెండూ పొడిగా, నూనె మరక లేకుండా తుడవాలి. ఎంఎల్‌ఎస్‌కి నునుపు చాలా ముఖ్యం, ఏ గ్యాస్‌కెట్ వేస్తున్నారో ఫేసింగ్ చేసేవాడికి ముందే చెప్పి ఉండాలి.

బోల్టు రంధ్రాల్లో నూనె గానీ నీళ్లు గానీ ఉంటే గాలి కొట్టి తీయండి. అడుగు మూసుకుపోయిన రంధ్రంలో నూనె ఉండగా బోల్టు బిగిస్తే ఆ ద్రవానికి పోయే దారి ఉండదు, బ్లాకు చీలిన సందర్భాలున్నాయి. పైగా టార్క్ రెంచ్ తప్పు లెక్క చెబుతుంది. బోల్టు మరలకి, తల కిందికి ఒక్క పొర ఆయిల్ రాయాలా వద్దా అన్నది మాన్యువల్ మాటే.

బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి, చుట్టూ తిరుగుతూ, మూడు నాలుగు విడతల్లో. అందాజా మీద చేతి బలంతో బిగించే మెకానిక్ ఎంత అనుభవజ్ఞుడైనా ఇక్కడ ఒప్పుకోకు. టార్క్ రెంచ్, కోణం చూపే డయల్ రెండూ ఉండాలి.

#23 ఓరుగల్లు_డీజిల్

డీజిల్ వాళ్లు ఎవరన్న సదువుతుంటే ఒక మాట. మన దాంట్ల గ్యాస్‌కెట్ ఒకే మందం ఉండది. పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు కన్న ఎంత ఎత్తు వస్తుందో డయల్ గేజ్‌తోని కొలిచి, దాన్ని బట్టి మందం ఎంచుకోవాలె. అంచు మీద గాట్లో రంధ్రాలో ఉంటయి, అవి లెక్కపెడితే ఏ మందమో తెలుస్తది. సన్నది వేస్తే పిస్టన్ పోయి వాల్వుకు తగులుతది. కొన్ని డీజిల్ హెడ్లకు ఫేసింగే చేయొద్దని కంపెనీ రాస్తది, అది కూడ సూసుకోండ్రి.

#24 గోస్తనీ_తీరం

ఇంజిన్ కట్టారు, స్టార్ట్ అయింది. మిస్సింగ్ లేదు, పొగ లేదు. ఈ పొద్దున్న హోస్ మెత్తగా ఉంది. మొత్తం 31 వేలు అయింది, అందులో రేడియేటరే పెద్ద భాగం. బ్లాక్ టెస్ట్ మళ్లీ చేశాం, నీలం నీలంగానే ఉంది. బాబాయ్ గారికి, మేడంకి, అందరికీ నాన్నగారి తరఫున కూడా ధన్యవాదాలు.

ఒక్క సందేహం మిగిలింది. ఐడ్లింగ్‌లో హీటర్ వేస్తే చల్లగాలి వస్తోంది, రేస్ చేస్తే వేడిగా వస్తోంది.

#25 డల్లాస్_గ్యారేజీ

లోపల గాలి ఉండిపోయింది. తేలికగా తీసుకోవద్దు. హెడ్‌లో గాలి బుడగ నిలిచినచోట లోహం కూలెంట్‌ని తాకదు, అక్కడే వేడెక్కుతుంది. టెంపరేచర్ సెన్సర్ చుట్టూ గాలే ఉంటే గేజ్ చల్లగా ఉందని తప్పు చూపిస్తుంది.

బండి ముందుభాగం ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, ఇంజిన్ చల్లగా ఉండగా క్యాప్ తీసి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి స్టార్ట్ చేయండి. బ్లీడ్ స్క్రూ ఉంటే తెరవండి. బుడగలు వస్తూ మట్టం తగ్గుతుంది, నింపుతూ ఉండండి. నీళ్లు గోరువెచ్చగా దాటి వేడెక్కకముందే క్యాప్ బిగించి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి, చల్లారనిచ్చి, మర్నాడు మళ్లీ మట్టం చూడండి. ఓబీడీ స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని అంకెలు చూపే పరికరం) ఉంటే అసలు టెంపరేచర్ అంకె చూస్తూ చేయొచ్చు. చాలా కార్ల గేజ్ ముల్లు కొన్ని డిగ్రీలు పెరిగినా మధ్యలోనే నిలబడి ఉంటుంది.

#26 పాలిటెక్నిక్_మేడం

ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి. బోరు నీళ్లు మళ్లీ వద్దు, ఆ పెచ్చులు వాటి కాల్షియం, మెగ్నీషియం లవణాలే. సీసా మీద ముందే కలిపినదని రాసి ఉంటే నీళ్లు కలపకుండా పోయాలి.

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ ఇప్పుడు కొత్తవే అయినా ఐదారు వందల కిలోమీటర్లకి ఇంకోసారి మార్చండి. హెడ్ దింపినప్పుడు కొంత కూలెంట్ ఆయిల్‌లోకి పడే ఉంటుంది, గ్లైకాల్ బేరింగులకి మంచిది కాదు. తీసిన పాత కూలెంట్‌ని మురుగు కాలువలో గానీ పెరట్లో గానీ పోయకండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లలు నోట పెట్టుకుంటారు, కొద్దిపాటి మోతాదుకే కిడ్నీలు దెబ్బతింటాయి. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, మీద పేరు రాసి, పాత ఇంజిన్ ఆయిల్ సేకరించే షెడ్డువాళ్లని అడిగి అప్పగించండి.